తడి ఆరకముందే

షెట్లాండ్‌లో చెట్లు తక్కువ.
గాలికి ఎదురు నిలిచేవి
గొర్రెలు, రాతిగోడలు, మా ముఖాలు.

ఉదయం ఏడున్నర, ఇంకా చీకటే.
పూటకి తొమ్మిది ఇళ్లు నాకు.
మొదటిది గిడియన్‌ది.
గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి
తువ్వాలుతో అద్దుతాను, రుద్దను.
తడి పూర్తిగా ఆరకముందే
డబ్బా మూత తీయాలి.

మోకాలి కింద, ఎముక పొడవునా
తెల్లగా లేచిన పొలుసులు.
మేజోడు విప్పితే చాలు
జల్లెడలోంచి పిండి రాలినట్టు నేలంతా.
"హెర్రింగ్ చేపనైపోయానే ఓస్లా,
అరవై ఏళ్లు నేను వాటిని తిన్నాను,
ఇప్పుడవి నన్ను..."
మాట సగంలో ఆపి గోక్కుంటాడు.

ఈ దీవిలో సగం గోడలు అతను కట్టినవే.
సున్నం లేదు, బంకమన్ను లేదు,
రాయికి రాయి పొందిక.
సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టే
గోడ పడదని అతని వాదన.

నీ కాలు కూడా రాళ్ల వరసే అనుకో గిడియన్.
కానీ ఈ గోడకి సందుల్లో కొవ్వు మెత్తి ఉండాలి.
వయసు కొంత, చలి కొంత, ఆ కారు సబ్బు కొంత
గీకి పట్టుకుపోయాయి.
సందుల్లోంచి నీ నీళ్లు గాలిపాలు.
ఎండి, అంచులు లేచినవే ఈ పొలుసులు.
ఈ పూత కొత్త చర్మం తొడగదు.
సందుల్లో దూరి కూర్చుంటుంది,
లేచిన అంచుల్ని పడుకోబెడుతుంది,
ఉన్న తడిని
ఇంకాసేపు ఉండమంటుంది.

"జిడ్డు," అని మూతి తిప్పుతాడు.
"డబ్బాలోదీ జిడ్డే, తెచ్చినదీ జిడ్డే."

వెంట్రుక వాలిన వైపే రాయాలి,
పైనుంచి కిందికి, గొర్రెని నిమిరినట్టు.
అక్కడ అతను కళ్లు మూస్తాడు.

జూన్‌లో ఉన్ని కత్తిరించే రోజులు.
బొచ్చులో ఎంత కొవ్వుండేదంటే
సాయంత్రానికి ఆ రాళ్లెత్తిన చేతులే
నెలల పిల్లాడి చెంపల్లా అయ్యేవట.
గిర్జీ అల్లే శాలువా
పెళ్లి ఉంగరంలోంచి దూరేంత పలచన.
ఆ నెల మాత్రమే
దాన్ని ముట్టుకోనిచ్చేదట.
తక్కిన పదకొండు నెలలూ,
"దూరం జరుగు, నీ వేళ్లకి ముళ్లున్నాయి,
దారం పట్టుకుంటుంది."

చెప్పి, దగ్గి, పైపు కోసం తడుముకుంటాడు.
పైపు నేను కిటికీలో దాచాను.
డబ్బా మీది ఎర్ర అక్షరాలు
రోజూ చదివినట్టే చదువుతాను:
ఈ పూత ఇంకిన బట్టకి నిప్పు తగిలితే
భగ్గుమంటుంది.
"మెత్తబడ్డాక కూడా మండుతానన్నమాట!"
ఎనభై ఏడేళ్ల మనిషి, కాస్త గర్వంగానే.

నవంబరులో గుప్పెడు రాలేది.
జనవరికి మేజోడులో చెంచాడు.
తుఫానుకి పడవ ఆగి
నాలుగు రోజులు నేను రాలేకపోతే
మళ్లీ గుప్పెడు.
తీర్చేసే బాకీ కాదు ఇది,
పూట పూటకీ పొయ్యిలో పీట్ వేసినట్టే.

ఈ రోజు నేను తొడుగులు తీసి
కుళాయి కింద చేతులు పెట్టి
"అబ్బా" అన్నాను.
ఇంటికి రెండుసార్లు కడిగే చేతులు,
కణుపు కణుపునా ఎర్రటి చీలిక.
చూశాడు.
"ముళ్లొచ్చాయే నీకు."

డబ్బాలో వేలు పెట్టకూడదు, చెంచా ఉంది.
పెట్టాడు.
ఒక ముద్ద తీసి నా మణికట్టు పట్టుకున్నాడు,
ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో చూసేవాడిలా
కాసేపు తిప్పి తిప్పి చూసి,
"వెంట్రుక వాలిన వైపే కదా?"

నేను జవాబు చెప్పలేదు.
కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది.

తర్వాత కోటు వేసుకుని
తలుపు పిడి తిప్పబోతే
అది చేతిలో నిలవదు, జారిపోతోంది.
అవతల గాలి తోస్తోంది,
వెనక అతను నవ్వుతున్నాడు,
రెండో ఇంటికి అప్పుడే పది నిమిషాలు ఆలస్యం.